సాయిసుధ నేర్చుకున్న మర్యాద

బరంపురం పెద్దబజారులో ఆ పట్టుచీరల షోరూముకి రెండు అంతస్తులు. కింద అంతస్తులో వచ్చేపోయేవాళ్ళు నిలబడి బేరమాడి కొనుక్కుపోయే చీరలుంటాయి. పైన పెళ్ళిగది. అక్కడ మెత్తటి పరుపులు, పరుపుల మీద మడత నలగని తెల్ల దుప్పట్లు, చల్లగా ఏసీ, గోడ పొడుగునా అద్దం. కింద చీరలు చూపించే అమ్మాయిలని "ఏయ్ పిల్లా" అని పిలుస్తారు. పెళ్ళిగదిలో చూపించే అమ్మాయిని అలా పిలవరు. ఎంత కలిగిన ఇంటి ఆడవాళ్ళైనా ఆమెతోపాటు అదే పరుపు మీద కూర్చుని, "మీరే చెప్పండి మేడం, మా పిల్లకి ఏది నప్పుతుందో" అని అడుగుతారు.

సాయిసుధకి కావలసింది ఆ పరుపు మీద చోటు. అందుకోసం ఆ పిల్ల మింగిన అవమానాలు ఇంకొకరైతే ఎప్పుడో కక్కేసి పోయేవారు. ఆమె కక్కలేదు. లోపల దాచుకుంది, దాచుకున్నదంతా పగ అయింది.

ఆ పిల్లది చమఖండి, ఛత్రపురం దగ్గర సముద్రం ఒడ్డున జాలర్ల ఊరు. తండ్రి పెద్ద బోట్ల మీద పనికని ఎక్కడెక్కడి హార్బర్లకో పోయేవాడు. ఇంట్లో ఉన్నది తక్కువ. పెంచింది తల్లి అప్పలనర్సమ్మ. ఆమె గంప నెత్తిన పెట్టుకుని నోరు విప్పిందంటే అలల చప్పుడు కూడా వినిపించేది కాదు. ఆ నోటికి ఒడ్డు భయపడేదనుకుంటే పొరపాటు. ఒడ్డు ఆ నోటిని చూసి ముచ్చటపడేది.

ఒడ్డు పద్ధతి తెలియనివాళ్ళకి ఇక్కడ ఒక మాట చెప్పాలి. చమఖండిలో సరుకు నచ్చిందంటే దాన్ని తిట్టాలి. బాగుంది అన్నావంటే నీకు బేరం రాదన్నమాట. పడవ ఒడ్డెక్కి చేపలు ఇసుకలో పోశాక కొనే ఆడది ముందు చేపని తిడుతుంది. అమ్మే ఆడది ఊరుకుంటే ఆమె సరుకు నిజంగానే చచ్చుసరుకని లెక్క. అందుకని ఆమె కొనేదాన్ని తిడుతుంది.

"ఇదేటే, సందువా అంటారేటి దీన్ని? కళ్ళు సూడు, మీ అత్త కళ్ళలాగ లోనకి ఎల్లిపోనాయి."

"నా సేపకేటి, పెళ్ళికూతురు. నీ కళ్ళకే పొరలు కమ్మినాయి. ఎల్లు, ఎల్లి నెత్తళ్ళు ఏరుకో. సందువా తినే మొగమేటి నీది?"

ఇలా ఒకరినొకరు ఏడు తరాలవాళ్ళనీ లేపి తిట్టుకుని, రేటు కుదిరాక ఒకే తమలపాకు చెరిసగం చింపుకుని నవులుకుంటూ కూర్చునేవారు. తిట్టడమంటే నిన్ను నాదానిగా లెక్కవేశానని చెప్పడం. తల్లి కూతుర్ని తిట్టేది, కోడలు అత్తని తిట్టేది, సముద్రం మీద నుంచి ఆలస్యంగా వచ్చిన మగవాణ్ణి అందరూ కలిసి తిట్టేవారు. మరి మర్యాదగా ఎవరితో మాట్లాడేవారంటే, జీపులో దిగిన పోలీసులతో. తుఫాను వెళ్ళాక పడిపోయిన ఇళ్ళు చూడటానికి వచ్చిన ఆఫీసర్లతో. వాళ్ళకి కుర్చీ వేసి, తుడిచి, "కూసోండి బాబూ" అనేవారు. వాళ్ళు ఎప్పుడు పోతారా అని చూసేవారు.

ఇదీ ఆ పిల్ల పెంపకం. ఇందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. కాని చిన్నప్పుడే ఆమెకి సిగ్గు అంటుకుంది, అంటించినవాళ్ళు ఛత్రపురంలో ఉన్నారు. బడి లేనినాడు తల్లి వెంట చేపలమ్మడానికి వెళ్ళేది. ఇళ్ళ ముందు గుమ్మంలోకి రానిచ్చేవారు కాదు, వెనక సందులో నిలబడాలి. ఒక ఇంటావిడ చేపలు ఏరుకుని, కడిగించుకుని, ముక్కలు కోయించుకుని, వీళ్ళు నాలుగడుగులు వేశారో లేదో గంప దించిన చోట చెంబుడు నీళ్ళు గుమ్మరించింది. చేప మాత్రం ఆవిడ కూరలో ఉడుకుతుంది, గంప పెట్టిన నేల మైలపడిందట.

అప్పలనర్సమ్మ వెనక్కి తిరిగి, "కడుక్కో అమ్మా, బాగ కడుక్కో. ఓపాలి ఆ నోరు కూడా కడుక్కో" అంది. దారి పొడుగునా అదే చెప్పుకుని నవ్వింది. పిల్ల నవ్వలేదు. తల్లి దులిపేసుకున్న ఆ నీళ్ళు పిల్ల ఒంటి మీద పడ్డట్టే ఉండిపోయాయి. నన్ను ముందు గుమ్మంలోంచి రమ్మని, పక్కన కూర్చోబెట్టుకుని మాట్లాడే రోజు రావాలని అప్పుడే పంతం పట్టింది.

ప్లస్ టూ అయ్యాక పెద్దబజారులో ఆ షోరూములో అమ్మాయిలు కావాలని విని వెళ్ళింది. ఓనరు భీమేశ్వరరావు గల్లాపెట్టె దగ్గర తల వంచుకుని కూర్చునే మనిషి. దుకాణం నడిపేది ఆయన భార్య భారతీదేవి. తరాల నుంచి బరంపురంలో పాతుకుపోయిన వర్తకుల ఇంటి కోడలు, పుట్టిల్లు అస్కాలో బెల్లం కొట్టు. పెళ్ళై వచ్చాక టీవీ సీరియళ్ళు చూసి చూసి మాట దిద్దుకుంది. అందరి ముందూ "చెప్పండి, చూడండి" అని పలుకు పలుకునీ నొక్కి పలికేది. కోపం వస్తే మాత్రం అస్కా యాస తన్నుకొచ్చేది.

"ఎక్కడి నుంచి వస్తున్నావమ్మా?"

"చమఖండి నుంచండి."

భారతీదేవి ఇంకేమీ అడగకుండా కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుంది. సాయిసుధ ఆ రోజు తలంటి పోసుకుని, కొత్త చుడీదారు వేసుకుని, పౌడరు రాసుకుని వచ్చింది. ఆ ముక్కుకి తగిలింది చేపల వాసన కాదు, ఊరి పేరు వాసన. అయినా పనిలో పెట్టుకుంది, ఎందుకంటే పిల్ల పొడుగు, మెడ పొడుగు, రంగు చామనచాయ అయినా ముఖంలో కళ ఉంది. భుజాన గుడిగోపురాల వరసలాంటి కుంభం అంచు చీర వేసి నిలబెట్టిందో లేదో, కొనడానికి వచ్చిన ఇద్దరు ఆడవాళ్ళు అదే చీర కావాలన్నారు. చీరకి మంచి కొయ్య దొరికిందని భారతీదేవి సంతోషించింది. కొయ్యకి నోరుంటుందని ఆలోచించలేదు.

మొదటి వారంలోనే ఆ నోరు తెరుచుకుంది. ఒక ఆసామి భార్య ఒక చీర విప్పించి, "ఇదేం రంగు, వెలిసిపోయినట్టుంది" అంది. ఒడ్డున పెరిగిన పిల్ల చెవికి ఆ మాట ఎలా వినబడుతుంది? ఈవిడకి చీర నచ్చింది, బేరానికి దిగింది, జవాబు ఇవ్వకపోతే సరుకుని అవమానించినట్టు అనిపించింది. నవ్వుతూనే, ప్రేమగానే అంది. "సీర ఎలవనేదమ్మా, మీ మొగమే ఎలిసింది. ఇది కట్టుకుంటేనైనా కాస్త ఎలుగొస్తాది."

ఆవిడ చీర విసిరికొట్టి గల్లాపెట్టె దాకా వెళ్ళి అరిచింది. తానేం తప్పు చేసిందో సాయిసుధకి నిజంగా అర్థం కాలేదు.

భారతీదేవి ఆమెని వెనక గదిలోకి లాక్కెళ్ళి, "నీ సేపల బజారు బుద్ధి నా కొట్లో సూపిస్తావేటే" అని అస్కా అంతా బయటపెట్టుకుని అరిచింది. తర్వాత గుర్తొచ్చి, గొంతు సవరించుకుని, "నిన్ను నేను మనిషిని చేస్తాను" అంది. అదే పెద్ద తిట్టు, అంతవరకూ మనిషి కాదన్నమాట కదా. సాయిసుధకి అరికాలి మంట నెత్తికెక్కింది. అయినా తల ఊపింది. పైన పరుపులు కళ్ళ ముందున్నాయి మరి.

ఆ తర్వాత భారతీదేవి ఆమెని వదల్లేదు. నవ్వితే పళ్ళు కనబడకూడదు. నడిస్తే చేతులు ఊపకూడదు. మాట పెదవుల దగ్గర ఆగాలి, గొంతులోంచి రాకూడదు. ఒడియా వాళ్ళొస్తే "ఆసంతు ఆజ్ఞా, బసంతు" అని రెండు చేతులూ జోడించి రమ్మని, కూర్చోమనాలి. తెలుగువాళ్ళొస్తే కళ్ళలోకి సూటిగా చూడకుండా "కూర్చోండమ్మా, ఏం చూపించమంటారు" అనాలి. చూడు అను, సూడు అనకు. వెళ్ళు అను, ఎల్లు అనకు. మధ్యాహ్నం అన్నం డబ్బా మూత తీసి వాసన చూసి మరీ తిననిచ్చేది. చివరికి, రోజూ ఆ ఊరి నుంచి బస్సులో వస్తే గాలికైనా వాసన అంటుతుందని చెప్పి, బరంపురంలోనే గది తీసుకోమంది. సాయిసుధ తీసుకుంది. అక్కడ చేప వండలేదు.

భారతీదేవిని ఆ పిల్ల ద్వేషించినట్టు నేనెవరినీ ద్వేషించలేదు, నాకు చాలామంది మీదే కోపముంది. రాత్రి నిద్రలో కూడా పళ్ళు కొరికేదట. కాని నేర్పిందల్లా నేర్చుకుంది. భారతీదేవి కంటే బాగా పలికింది, భారతీదేవి కంటే అందంగా కూర్చుంది. కోపమొచ్చినా మాట జారలేదు, అదొక్కటి గురువుకి కూడా చేతకాని విద్య.

సెలవునాడు చమఖండి వెళ్తే తల్లి ఎప్పటిలాగే ఆహ్వానించేది. "వొచ్చినావేటే దొరసాని? తోవ మరిసిపోనావనుకున్నాను. ఆ నడకేటి, కాలికి ముల్లు గుచ్చుకుందా?"

ముందైతే కూతురు గుమ్మంలోంచే బదులిచ్చేది. ఇప్పుడు, "బాగున్నావా అమ్మా" అంటోంది. అప్పలనర్సమ్మ కాసేపు చూసి, మళ్ళీ తిట్టేది, కాస్త గట్టిగా. తన గొంతు దానికి వినబడలేదేమో అనుకునేది పాపం. ఇరుగుపొరుగు అడిగితే, "దానికి ఒంట్లో బాగోనేదు" అని సర్దిచెప్పేది.

ఇలా మూడో పెళ్ళిళ్ళ సీజను వచ్చేసరికి పెళ్ళిగదిలో చీరలు చూపించే అమ్మాయి పని మానేసింది. తప్పనిసరై భారతీదేవి సాయిసుధని పైకి పంపింది. "ఒక్క బేరం చూస్తాను. పోయిందా, మళ్ళీ కిందకే."

వచ్చిన బేరం అస్కా విజయకుమారి. ధాన్యం టోకు వ్యాపారం చేసేవాళ్ళ ఇంటి యజమానురాలు, కొడుకు పెళ్ళికి చీరలు కావాలి. బజారులో ప్రతి దుకాణంవాడికీ ఆమె పేరు చెబితే చెమటలు పడతాయి. సాయిసుధ ఆమెని కూర్చోబెట్టి, నేర్చుకున్నదంతా ఒలకబోసింది. మెత్తగా మాట్లాడింది, మెత్తగా చీరలు పరిచింది. విజయకుమారి ప్రతిదానికీ వంక పెట్టింది. ఇది మొద్దు అంచు, ఇది ముసలి రంగు. సాయిసుధ ప్రతిదానికీ "మీ ఇష్టమమ్మా, ఇంకొకటి చూపిస్తాను" అంది. పరుపు నిండా చీరలు గుట్ట పడ్డాయి, ఒక్కటీ తెగలేదు. గుమ్మంలో భారతీదేవి ముఖం ముడుచుకుంటోంది. పక్కన భారతీదేవి కొడుకు రవికాంత్ షోరూము పేజీలో పెట్టడానికని కొత్త చీరలని ఫోన్లో వీడియో తీస్తున్నాడు.

విజయకుమారికి విసుగొచ్చింది. "ఈ బొమ్మకేటి తెలుస్తాది సీరలు గురించి" అని, ముందున్న పట్టుచీరని కాలితో పక్కకి నెట్టింది.

కాలితో. పట్టుచీరని కాలితో నెట్టడం కసాయివాడు కూడా చెయ్యడు. సాయిసుధకి ఆ క్షణాన పరుపూ గుర్తులేదు, గురువూ గుర్తులేదు. కాలు మడిచి మోకాలు మీద చెయ్యి వేసుకుని కూర్చుంది, గొంతు ఒడ్డు దాకా ఎత్తింది.

"కాలు తియ్యవే ముందు. ఆ కాలెత్తి సూసుకున్నావా ఎప్పుడైనా, ఏరు దాటిన గేదె కాలులాగుంది. నా సీర మొద్దేటి, నీ బుర్ర మొద్దు. కొడుకు పెళ్ళికొచ్చినావా, ఆ కోడలు పిల్ల ఉసురు పోసుకోడానికొచ్చినావా? దానికేటి గావాలో అడిగినావా ఒక్కపాలైనా? సేతకాకపోతే ఎల్లు, ఎల్లి గోనెపట్టా కట్టుకో."

భారతీదేవి తెల్లబోయింది. విజయకుమారి పెదవులు అదిరాయి, ఏడుస్తుందనుకున్నారు అందరూ. ఆమె నవ్వింది. కళ్ళ నీళ్ళొచ్చేదాకా, పొట్ట పట్టుకుని నవ్వింది.

"మాయమ్మ పోయినకాడినుండి నన్నెవులూ ఇలగ తిట్టనేదే" అంది కళ్ళు తుడుచుకుంటూ. "అందరూ అమ్మగారూ అమ్మగారూ అనీసి సంపుకు తింతన్నారు. ఏదీ, ఆ సీర ఇలగియ్యి. నువ్వేది సెప్తే అది కడతాను." పెళ్ళి చీరలన్నీ అక్కడే కొంది. పోతూ పోతూ సాయిసుధ బుగ్గ గిల్లింది.

కథ ఇక్కడ ఆగి ఉంటే బాగుండేది. రవికాంత్ ఫోన్ ఆగలేదు. వాడు ఆ తిట్లన్నీ రికార్డు చేసి, పైన "పట్టుచీరలమ్మే చేపలపిల్ల" అని రాసి, రాత్రికి రాత్రి పెట్టేశాడు. గంజాం జిల్లా అంతా చూసింది, సరిహద్దు దాటి ఇచ్ఛాపురం అవతల కూడా చూశారు. మర్నాటి నుంచి ఆడవాళ్ళు మెట్లు తొక్కుకుంటూ వచ్చారు. "ఆ తిట్టే పిల్ల ఏదీ" అని అడుగుతూ వచ్చారు.

భారతీదేవి ముక్కు మీది కొంగు ఎప్పుడు తీసిందో ఎవరూ చూడలేదు. సాయిసుధని పిలిచి ప్రేమగా చెప్పింది. "ఇకనుంచి పెళ్ళిగది నీదే. కాని ఈ చుడీదారు, ఈ మాటలు వద్దు. మీ అమ్మావాళ్ళు ఎలా కడతారో అలా చీర కట్టుకో." కట్టు పైకి దోపిన చీర, ఇత్తడి ముక్కుపోగు, చేతికి గాజులు తెప్పించింది. వెదురు గంప ఒకటి కొనుక్కొచ్చి, అందులో అరిటాకు పరిచి, పట్టుచీరలు చుట్టలు చుట్టి చేపల్లా పేర్చించింది. మూడేళ్ళు ఊరి పేరు వాసన భరించలేని మనిషి ఆ గంపని తన చేతులతో సర్దింది.

"నేను ఇలా కూర్చోనండి" అంది సాయిసుధ.

"పైన కూర్చోవాలనే కదా ఇన్నాళ్ళూ ఏడ్చావు. కూర్చో. లేకపోతే ఇంటికెళ్ళు."

ఆ పిల్ల కూర్చుంది. అది తప్పు అంటారా, అనండి. కాని మూడేళ్ళు ఒక మెట్టు కోసం నడుం వంచినవాళ్ళెవరైనా ఆ మెట్టు కాలి కింద పడ్డాక దిగి వెళ్ళిపోయారేమో చూపించండి.

పరుపు అదే, అద్దం అదే. ఒక్క ఆడమనిషి కూడా ఆమెని మేడం అనలేదు. "ఏయ్ చేపలపిల్లా, మా అత్తని తిట్టవే", "మా వదిన లావుని చూసి ఏదైనా అనవే" అని అడిగి, ఫోన్లు పట్టుకుని కిసకిసలాడేవారు. ఏమనాలో రవికాంత్ ముందే చెప్పి పెట్టేవాడు. అవి ఒడ్డు తిట్లు కావు. ఒడ్డున తిట్టులో ఎదుటి మనిషి ఉంటుంది, వాడు రాసినవాటిలో బూతు తప్ప మనిషి లేదు. అద్దంలో తనని తాను చూసుకుంటే తల్లికి ఎవరో వేషం కట్టినట్టుండేది. రోజూ అక్కసుతో తిట్టేది. జనం ఆ అక్కసు చూసి ఎంత సహజంగా చేస్తోందో అనుకునేవారు.

వీడియోలు చమఖండి కూడా చేరాయి. పక్కింటి గుంటడి ఫోన్లో కూతుర్ని చూసి అప్పలనర్సమ్మ మురిసిపోయింది. వేషమని ఆమెకి తోచలేదు, అది తన బట్టే, తన మాటే. మూడేళ్ళ తర్వాత కూతురికి గొంతు తిరిగొచ్చిందనుకుంది. "దానికి జబ్బు నయమైపోనాది" అని ఒడ్డంతా చెప్పింది. మంచి చీర కట్టుకుని, ఎవరికీ చెప్పకుండా బస్సెక్కి బరంపురం వచ్చింది. కూతురితో ఒక బేరం ఆడాలని, నలుగురి ముందూ దానితో సమానంగా తిట్టుకోవాలని ఆమె సరదా.

మెట్లెక్కి పెళ్ళిగదిలోకి వచ్చేసరికి గది నిండా ఆడవాళ్ళు. గుమ్మంలో ఎవరూ ఆపలేదు, ఆ కట్టుబొట్టు చూసి షోరూము వాళ్ళే తెప్పించిన మనిషనుకున్నారు. అప్పలనర్సమ్మ తిన్నగా వెళ్ళి గంప ముందు చతికిలబడి, ఒక చీర ఎత్తి కూతురి ముఖం ముందు ఊపింది.

"ఇదేటే, సీరా, సచ్చిపోయిన సావిడాయి సేపా? నెత్తి మీద ఈగలు ముసురుతున్నాయి. దీన్ని కొనడానికి నాకేటి పిచ్చా? అమ్మడానికి కూకున్న మొగం సూడు, మూడు దినాల కవళ్ళ సేపల గంపలాగుంది."

గది ఘొల్లుమంది. ఫోన్లన్నీ లేచాయి. అప్పలనర్సమ్మ నవ్వుల్ని చూసి ఇంకా ఉత్సాహపడింది, ఒడ్డున నవ్వు తెప్పించినవాళ్ళదే గెలుపు. కూతురు కొట్టే దెబ్బ కోసం కళ్ళు మిలమిలలాడించుకుంటూ ఎదురుచూసింది.

సాయిసుధ వెనక ఎవరో అంటున్నారు. "అచ్చం చేపలదానిలాగే ఉందే. ఎక్కడ పట్టారో." ఇంకొకామె కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని నవ్వుతోంది. వీళ్ళు అమ్మతో కలిసి నవ్వడం లేదని, అమ్మని చూసి నవ్వుతున్నారని ఆ పిల్లకి తెలుసు, అమ్మకి తెలియదు. ఇప్పుడు తాను తిరిగి తిడితే అమ్మ కూడా ఆటబొమ్మ అయిపోతుంది. తన ఒంటి మీదకి తెచ్చుకున్నది చాలదా. అమ్మని ఈ గదిలో అందరికంటే పెద్దగా నిలబెట్టాలి. ఎలా నిలబెట్టాలో ఆ పిల్లకి ఒక్క దారే తెలుసు, మూడేళ్ళుగా నేర్చిన దారి.

వెన్ను నిటారు చేసుకుని, రెండు చేతులూ జోడించి, మెత్తటి గొంతుతో అంది. "రండమ్మా. పైకి, పరుపు మీద కూర్చోండి. మీకేం కావాలో చెప్పండి, నేను చూపిస్తాను."

అప్పలనర్సమ్మ చెయ్యి గాల్లోనే ఆగింది. ఇదేదో ఎత్తనుకుని కాసేపు చూసింది. "ఏటే ఆ మాట" అంది నెమ్మదిగా.

"ముందు మంచినీళ్ళు తాగండి. చాలా దూరం నుంచి వచ్చారు."

తల్లి ముఖంలో సరదా ఆరిపోయింది. చీర తీసి జాగ్రత్తగా గంపలో పెట్టింది. ఒళ్ళు ముడుచుకుని లేచింది. "తప్పయిపోనాదమ్మా, ఎవులో అనుకున్నాను" అని, ఒక్కొక్క మెట్టే దిగి వెళ్ళిపోయింది.

సాయిసుధ గుమ్మం దాకా పరుగెత్తింది. ఓలమ్మా అని అరవబోయింది. మెట్ల మలుపులో రవికాంత్ ఫోన్ ఎత్తి పట్టుకుని, అరవమని చేత్తో సైగ చేస్తున్నాడు. నోరు మూసుకుంది. అప్పటికి తల్లి బజారు జనంలో కలిసిపోయింది.

"ఏటే అంత సప్పగా మాటాడినావు" అంటూ భారతీదేవి వచ్చింది, అస్కా గొంతుతో. "ఆవిడెవరోగాని బంగారం. ఎక్కడుంటుందో కనుక్కుని రోజూ రమ్మను, ఇద్దర్నీ కూర్చోబెడదాం."

"ఆవిడ మా అమ్మ."

భారతీదేవి రెప్ప వెయ్యలేదు. "అయితే మరీ మంచిది" అంది.

సాయిసుధ ముక్కుపోగు లాగి గంపలో పడేసింది. ఆ చీర విప్పేసి, పాత చుడీదారు వేసుకుని ఛత్రపురం బస్సెక్కింది. ఆ దారంతా ఏం ఏడ్చిందో, ఎవరిని తిట్టిందో చెప్పను. ఇంటికెళ్ళాక అమ్మ నాలుగు పీకుతుంది, జుట్టు పట్టుకుని తిడుతుంది, అంతటితో అన్నీ కడుక్కుపోతాయని మాత్రం గట్టిగా నమ్మింది.

సాయంత్రం ఎండలో అప్పలనర్సమ్మ ఇంటి ముందు పరిచిన నెత్తళ్ళని కాకుల నుంచి కాస్తోంది. పక్కన ఇద్దరు ముగ్గురు ఆడవాళ్ళు కబుర్లు చెప్పుకుంటున్నారు. కూతుర్ని చూడగానే వాళ్ళ మాటలు ఆగిపోయాయి. అప్పలనర్సమ్మ లేచి లోపలికెళ్ళి ప్లాస్టిక్ కుర్చీ తెచ్చింది. కొంగుతో తుడిచింది.

"కూసోండమ్మా. ఎండన పడి ఒచ్చినారు. టీ తాగుతారా?"

అందులో వెటకారం ఉందేమోనని కూతురు ఆ ముఖమంతా వెతికింది. లేదు. కోపం ఉన్నా బాగుండేది, అదీ లేదు.

"అమ్మా, తిట్టవే నన్ను" అంది.

"అదేటి మాట. పెద్ద కొట్లో పని సేసుకునేవోలు, మిమ్మల్నెందుకు తిడతాం."

కుర్చీ పక్కనే ఆ పిల్ల నేల మీద కూలబడింది. ఏం చెయ్యాలో తోచక, ఎండుతున్న నెత్తళ్ళని గుప్పెడు తీసి ఎత్తి చూపించింది. తల్లిని ఎలాగైనా రెచ్చగొట్టాలి. "ఇయ్యేటి నెత్తళ్ళే? పుల్లల్లాగున్నాయి. కుక్కలు కూడా మూతి ఎట్టవు." మాటలు ఒడ్డువే. గొంతు మాత్రం పెళ్ళిగదిలోది, వీడియోలోది. అది ఆమె చెవులకే తెలిసింది. పక్కనున్న ఆడవాళ్ళు తలలు దించుకున్నారు.

అప్పలనర్సమ్మ తల ఊపింది. "అవునమ్మా, ఈపాలి బాగోనేదు" అని ఒప్పుకుంది. తర్వాత ఉన్నవాటిలో మంచివి ఏరి, కాగితంలో పొట్లం కట్టి, రెండు చేతులతో ఆమెకి అందించింది.